కఱవుసీమ మట్టిమిద్దె

ఇల్లు కట్టువారు నేలకంటె ముందుగా ఆకాశమును చూడవలెను. ఏ సీమయందు ఎట్టి వాన కురియునో, ఆ సీమయందు అట్టి కప్పు పుట్టును. గోదావరీకృష్ణాతీరములయందు ఏటికి నలువది అంగుళముల వాన సామాన్యము. కావున అచటి లోగిళ్లకు వాలుకప్పులును, కప్పులపై పెంకులును, నట్టనడుమ ఆకాశమునకు తెఱచియున్న మండువాయును ఏర్పడినవి. కప్పుపై పడిన నీరు క్షణమైనను నిలువక జాఱిపోవలెననుటయే ఆ నిర్మాణమునందలి రహస్యము.

అనంతపురమండలపు సంగతి వేఱు. ఈ మెట్టభూమికి నైరుతిమేఘములు పడమటికొండలను దాటి వచ్చునప్పటికి సగము వట్టిపోవును. ఈశాన్యమేఘములు తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. ఏటి సగటువాన సుమారు 22 అంగుళములు, అనగా 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు ఒకయేడు కురియును, ఒకయేడు మొగము చాటుచేయును. ఇట్టిచోట రైతు తన యింటికి బల్లపరుపు కప్పును ఏర్పఱచుకొని, దానిపై గంపలకొలది మన్ను పోసికొనెను. దానినే మిద్దె యందురు. సర్కారుజిల్లాల సోదరీమణులకు మిద్దె యనగా మేడ యని తోచవచ్చును. రాయలసీమలో మాత్రము గడ్డి కప్పినది కొట్టము, మన్ను కప్పినది మిద్దె. అంతస్తులతో ఈ పేరునకు సంబంధము లేదు.

రాజులు కట్టిన కోటలనుగూర్చియు, దేవాలయములనుగూర్చియు మనము చాల చదివియున్నాము. శతాబ్దములతరబడి మన అవ్వలు దీపము పెట్టిన రైతుటింటిని గూర్చి వ్రాసినవారు తక్కువ. అందుచేత ఈ మాసము మేము మట్టిమిద్దెను పాఠకసోదరీమణులముందు ఉంచుచున్నాము.

సముద్రమను పేరుగల ఊరు

అనంతపురపట్టణమునకు చేరువనే బుక్కరాయసముద్రమను గ్రామము కలదు. విజయనగరాధీశుడగు మొదటి బుక్కరాయలు 1356 మొదలు 1377 వఱకు రాజ్యమేలెను. ఆయన మంత్రియగు చిక్కప్ప ఒడెయరు పండమేరునకు అడ్డముగా కట్ట వేయించి ఇచటి పెద్దచెఱువును నిర్మించెననియు, కట్ట రెండుకొనలనున్న మరవలచెంత బుక్కరాయసముద్రము, అనంతసాగరము అను రెండూళ్లు వెలసెననియు, ఆ అనంతసాగరమే నేటి అనంతపురమనియు స్థానికచరిత్ర చెప్పుచున్నది. వట్టినేలపై వెలసిన ఊళ్లకు సముద్రమనియు సాగరమనియు పేళ్లు పెట్టుకొన్న జనులకు నీటిపై ఎంత ఆశ యుండెనో ఆలోచింపుడు.

ఆ ఆశయే ఇంటినిర్మాణమునందును కనబడును. చెఱువుకట్ట నీటిని లోపల నిలుపుటకు మన్నుతో వేసినది. మిద్దె నీటిని లోపలికి రానీయకుండుటకు మన్నుతో కప్పినది. పని వేఱైనను రెండింటికిని పదార్థమొక్కటే. ఈ పోలికను పాఠకులు మనస్సునందుంచుకొనవలెను. దీనిని మఱల ప్రస్తావించెదము.

తలవాకిలి దాటినతోడనే

ఈ ప్రాంతపు పాతమిద్దెలు పెద్దవియైనను చిన్నవియైనను ఒకే తీరున నుండును. వీధివైపున ఎత్తైన అరుగు. దీనిని జగిలి యనియు అందురు. బాటసారి కూర్చుండుటకు, సాయంకాలమున ఇరుగుపొరుగు స్త్రీలు ధాన్యము చెఱుగుకొనుచు మాటలాడుటకు ఇది తావు. జగిలినడుమ తలవాకిలి. వాకిలి పొట్టిది, తల వంచినగాని లోపలికి పోవుట కాదు. తలుపుమాత్రము బరువైన పలకలతో చేసి, వెనుక అడ్డగడియ వేయుటకు వీలుగా గోడలలో తొలులు విడిచియుందురు.

లోపల అడుగిడినతోడనే మొదట ఎదురగునది మనుష్యులుండు తావు కాదు, ఎద్దులుండు తావు. వాకిటిప్రక్కనే కొంత పల్లముగా నుండు చోట గాడియు, కట్టుగొయ్యలును ఉండును. దానికంటె రెండు మూడడుగుల ఎత్తున పడసాల, పడసాలవెనుక నట్టిల్లు, ఒకమూల వంటయిల్లు, ఆ గోడనంటియే దేవునిగూడు. నేల ఎత్తుపల్లములు ఊరక ఏర్పడినవి కావు. పసులు కట్టుచోటినుండి తడి జలదారిగుండ వెలికి జాఱిపోవలెను. మనుష్యులుండు చోటికి ఎక్కరాదు. ఒకే కప్పుక్రింద, ఒకే తలుపులోపల, రెండు మట్టములలో రెండు కుటుంబములు కాపురము చేయుచున్నట్లుండును.

పసులను ఇంటిలో కట్టుకొనుట మొరటుదన మని కొందఱు తలంతురు. కఱవుసీమలో జత యెద్దులు పోయినచో సేద్యమే పోయినట్లు. రాత్రి ఎద్దు మెడగంట చప్పుడు మాఱినను యజమానురాలికి మెలకువ వచ్చును. ఆ కాపుదలకొఱకే ఈ యేర్పాటు. ఇది మనకు మాత్రమే కలిగిన ఆలోచనయుకాదు. ఇంగ్లండుదేశమున డెవను మండలమున డార్ట్‌మూరు అను రాతిమెట్టభూమి కలదు. అచటి పాతకాలపు రైతుటిండ్లను ‘లాంగ్‌హౌస్’ అందురు, అనగా పొడుగుటిల్లు. ఏటవాలునేలపై ఇంటిని నిలువుగా కట్టి, పైకొనయందు మనుష్యులును క్రిందికొనయందు పసులును ఉండునట్లు, నడుమ అడ్డముగా ఒక దారి విడిచి, ఇరువురును ఆ దారినే లోపలికి వచ్చునట్లు ఏర్పఱచినారు. పసులకొట్టమును అచటివారు ‘షిప్పన్’ అందురు. 14వ శతాబ్దమునాటిదగు హయ్యర్ అప్పకాట్ అను అట్టి ఇల్లు ఒకటి నేటికిని పసులకొట్టముతోకూడ నిలిచియున్నది. బుక్కరాయల చెఱువు పుట్టిన శతాబ్దమే అదియును. ఒకరినొకరు ఎఱుగని రెండు రైతుకుటుంబములు, రెండు రాతిసీమలలో, పసులనుగూర్చి ఒకే విధముగా తలపోసినవి.

భేదమెల్ల కప్పునందున్నది. అచట వాన విస్తారము. కావున నిట్రమైన గడ్డికప్పు. ఇచట వాన అరుదు. కావున బల్లపరుపు మట్టికప్పు. చలిచే వారు ఇంటినడుమ నిప్పు వేసికొనిరి. పొగగొట్టములు రాకముందు ఆ పొగ కప్పుగుండనే పోయెడిది. ఆ పాతయిండ్ల దూలములకు పట్టిన మసిని నేటికిని చూడవచ్చును. మనవారు పొగకును వెలుతురునకును కప్పులోనే ఒక కన్ను తెఱచిరి. దానికి గవాచి యని పేరు.

గవాచి

గవాచి యనగా గవాక్షమే. మూరెడు చదరమున కప్పునందు రంధ్రము విడిచి, చుట్టును చిన్నగట్టు కట్టుదురు. మిద్దెలకు గోడకిటికీలు లేకపోవుటకు కారణములు కలవు. వేసవిగాలి నిప్పువలె వీచుచోట గోడకు తెఱపి యుంచుట వేడిని పిలిచి లోపల కూర్చుండబెట్టుట వంటిది. మఱియొక కారణము భయము. 1800లో నైజాము ఈ మండలములను ఇంగ్లీషు కుంపిణీకి దత్తము చేయుటకు ముందును, ఆపైన కొంతకాలమును, పాళెగాండ్ర కలహములతో పల్లెలకు నిలుకడ లేకుండెను. ఊరికి బురుజు ఎట్లో ఇంటికి కిటికీలేని గోడ అట్లు. థామస్ మన్రో కలెక్టరుగా 1800 మొదలు 1807 వఱకు ఈ మండలముల నేలి పాళెగాండ్రను అణచినపిమ్మటకూడ జనులు ఆ కట్టుబడిని విడువలేదు.

కిటికీ లేని ఇంట వెలుతురు పైనుండి దిగును. గవాచిక్రింద నేలపై పడిన యెండబిళ్ల ప్రొద్దుటినుండి సాయంకాలమువఱకు గదిలో నడచుచుండును. గడియారము లేని కాలమున వంటకు ఎసరు పెట్టుటకును, పొలమునకు సంగటి పంపుటకును గృహిణికి అదియే గుఱుతు. వాన చినుకు పడినతోడనే మిద్దెయెక్కి గవాచిని బండతోనో మూకుడుతోనో మూయుట ఇంటిలోని చిన్నవారి పని. ఒక్కక్షణము ఆలస్యమైన పొయ్యి ఆఱిపోవును.

గోడయు కప్పును

గోడలు రెండడుగులకు తక్కువ కాని మందముగలవి. రాయి దొరకుచోట రాతిని అడుసుతో పేర్చి, దొరకనిచోట మట్టినే త్రొక్కి వరుసవరుసగా ఎత్తుదురు. గోడలపై దూలములు, దూలములపై అడ్డముగా దంతెలు, దంతెలపై చిన్నకట్టెలు ఒకదానినొకటి ఆనునట్లు, వానిపై వేపాకు, కానుగాకు వంటి ఆకుపొర, ఆకుపై బంకమన్ను, అన్నిటికిపైన చౌడు.

ఈ సీమలో పెద్దమ్రానులు అరుదు. వేప, తుమ్మ, అడవియందలి ఏపి, ఇవియే ఆధారము. దూలమెంత పొడవు దొరకునో గది అంతకంటె వెడల్పు కానేరదు. అందుచేత మిద్దెయిండ్ల గదులు ఇఱుకుగా, పొడుగుగా నుండును. పెద్ద పడసాల కావలెనన్న నడుమ కంబములు నిలుపవలెను. ఇంటికొలతను నిర్ణయించినది వాస్తుశాస్త్రమొక్కటియే కాదు, చెట్టుకొలతయు.

చౌడునుగూర్చి ఒకమాట. చౌటినేలలో పైరు పెరుగదు. అందలి సోడియపు లవణములే దానికి కారణము. ఆ లవణములు కలిసిన బంకమన్ను తడియగానే మిక్కిలి సన్నని కణములుగా విడిపోయి, ఆ కణములు సందులనన్నిటిని పూడ్చివేయును. నీరు లోపలికి ఇంకదు. పొలమునందు వేళ్లకు నీరు దక్కనీయని ఆ గుణమే మిద్దెపై వాననీటిని గదిలోనికి దిగనీయదు. పొలమున శాపమైనదానిని తెచ్చి ఇంటిపై వరముగా మార్చుకొన్నవారి తెలివిని మెచ్చుకొనకుండ నుండలేము. ఏ పాఠశాలయు వారికి ఈ రసాయనశాస్త్రమును నేర్పలేదు. పొలమున నీరు నిలిచిన చౌటిమడుగులను చూచి వారే నేర్చుకొనిరి.

మన్నుకప్పు జానెడు మొదలు మూరెడు మందమువఱకు నుండును. పగటియెండ ఇంత మందమును దాటి లోపలికి దిగుటకు ఎన్నో గంటలు పట్టును. ఇంతలో ప్రొద్దు గ్రుంకి బయటిగాలి చల్లబడును. కావుననే వేసవి మధ్యాహ్నమున మిద్దెయింట కూర్చున్నవారికి బావిలో దిగినట్లు చల్లగా నుండును. రాత్రియందు ఇంటిల్లిపాదియు మిద్దెమీద పఱుండుదురు. ఆ మిద్దెయే పగటివేళ మిరపపండ్లకు, ఉలవలకు, వడియములకు ఎండుకళ్లము. కప్పొక్కటే, ఉపయోగములు నాలుగు.

అయితే ఆ కప్పు బరువెంతయో కొంచెము లెక్కించి చూతము. పదియడుగుల వెడల్పు, పదునైదడుగుల పొడవుగల గదిపై తొమ్మిదంగుళముల మందమున మన్ను పఱచినచో సుమారు 112 ఘనపుటడుగుల మన్ను. ఎండిన మన్ను ఘనపుటడుగునకు ఉజ్జాయింపుగా 100 పౌనులు తూగును. అనగా పదకొండువేల పౌనులకు పైబడిన బరువు, అయిదు టన్నులు, నిద్రించువారి తలలపై నిలిచియున్నది. తడిసినప్పుడు ఇంకను హెచ్చు. ఈ సంఖ్యను గుర్తుంచుకొన్నవారికి మిద్దెయింటి కష్టము అర్థమగును.

ధాన్యము దాచిన నేల

ఇంటికప్పు వానకొఱకు, ఇంటిక్రింది పాతర వాన రాని యేటికొఱకు. పొడినేలలో మూతి చిన్నదిగా, కడుపు పెద్దదిగా, కుండవలె లోతుగా గుంట త్రవ్వి, గోడలకు గడ్డి పఱచి, జొన్నలు నింపి, బండ మూసి మన్ను కప్పుదురు. గాలి చొరకుండుటచే పురుగు బ్రతుకనేరదు. ఇట్లు నింపిన జొన్నలు కొన్నియేండ్లు నిలువయుండును. తెఱచినప్పుడు వెంటనే దిగుటమాత్రము ప్రాణాపాయము. లోపల ఊపిరియాడని విషవాయువు నిండియుండును. అందుచే పాతర మూత తీసి చాలసేపు గాలికి విడిచి, త్రాట దీపము దింపి చూచి, అది ఆఱకుండ వెలిగినపిమ్మటనే మనిషిని దింపుట పెద్దలు పెట్టిన కట్టడి.

నిత్యవ్యయమునకు ఇంటిలోపల గాదెయు గరిసెయు కలవు. వెదురుతో అల్లి, పేడయు మన్నును కలిపి మెత్తి, మనిషియెత్తు నిలుపు ఈ గరిసెలను చేతులార తీర్చినవారు స్త్రీలే. 1876 మొదలు 1878 వఱకు దత్తమండలములను మాడ్చిన ధాతకఱవు పిమ్మట ఈ సీమవారికి ధాన్యపుగింజ బంగారుగింజయైనది. నిండుగరిసె నట్టింట నిలిచియుండుట ఆ గృహమునకు గొప్ప అలంకారము. 1928లో నంద్యాలసభయందు దత్తమండలములకు రాయలసీమయని క్రొత్తపేరు వచ్చినది గాని, ఇంటిలో గింజ దాచుకొను భయము పేరుతో మాఱలేదు.

వానకొఱకు మ్రొక్కి, వానకు వెఱచి

మట్టిమిద్దె కట్టుట ఒకయేటి పని. నిలుపుట ప్రతియేటి పని. వానలు రాకముందే మిద్దెయెక్కి చూడవలెను. మొలచిన గడ్డిని వేళ్లతో పెఱుకవలెను. వేరు మిగిలినచో అది నీటికి దారి చూపును. ఎలుకబొక్కలు, ఎండకు విచ్చిన బీటలు పూడ్చవలెను. దోణివైపునకు వాలు సరిగానున్నదో లేదో చూడవలెను. పిమ్మట క్రొత్తచౌడు చల్లి దిమ్మిసతో కొట్టవలెను. మగవారు బండితో మన్ను తోలుదురు. గంప నెత్తిన పెట్టుకొని నిచ్చెన యెక్కునది, గడ్డి పెఱుకునది, అడుసు మెత్తునది చాలయిండ్లలో ఆడువారే. ఇక గోడలకు ఎఱ్ఱమన్ను, అడుగున జాజుపట్టె, నేలకు పేడయలుకు, సంక్రాంతికి సుద్దముగ్గు, ఇవియెల్ల చెప్పనేల?

ఇంతచేసినను ముసురుపట్టినప్పుడు ఇల్లాలికి నిద్రలేదు. ఉఱుములతో వచ్చి ఒకగంట కొట్టిపోవు వాన మిద్దెను అంతగా బాధింపదు, దోణిగుండ పాఱిపోవును. సన్నగా మూడునాళ్లు పట్టిన ముసురే ప్రమాదము. మన్ను కొంచెముకొంచెముగా నీరు త్రాగి బరువెక్కును. కప్పు ఉరియ మొదలిడును. ఏ మూల కుండ పెట్టవలెనో, ఏ గోడనుండి పడకను జరుపవలెనో, ఏ దూలము మూల్గుచున్నదో ఆమెకే తెలియును. పొలమున నిలిచి వానదేవుని వేడుకొన్న కుటుంబమే రాత్రి ఇంటిలో కూర్చుండి ఇక చాలునని వేడుకొనవలసి వచ్చును. కఱవుసీమ రైతుటింటి విచిత్రమిదియే. వాన రాకున్న కడుపునకు చేటు. విడువక వచ్చిన కప్పునకు చేటు.

ముసలమ్మకట్ట

బుక్కరాయసముద్రపు పేరు తెలుగుసాహిత్యమున నిలిచినది ఒక రైతుటింటి కోడలివలన. చెఱువుకట్ట తెగుటకు సిద్ధమై ఊరెల్ల మునుగు కాలమున, బసిరెడ్డి చిన్నకోడలగు ముసలమ్మను బలియిచ్చినచో కట్ట నిలుచునని దైవవాక్కు వినబడెననియు, ఆ సాధ్వి పెద్దలకు మ్రొక్కి, బిడ్డను అప్పగించి, తానే నడచిపోయి గండిలో నిలిచెననియు కథ. సి. పి. బ్రౌను ప్రకటించిన అనంతపురచరిత్రమునందలి ఈ వృత్తాంతమును గైకొని కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును రచించిరి. ఆధునికాంధ్రకవిత్వపు తొలిదినముల కృతులలో దానిని పండితులు లెక్కింతురు. ఊరివారు నేటికిని ఆమెను దేవతగా కొలుచుచున్నారు.

ముసలమ్మ త్యాగమునకు చేతులెత్తి నమస్కరింతము. అయినను ఆ కథను రైతుటిండ్ల స్త్రీలు మఱియొక విధముగాకూడ చదువవచ్చునని మా అభిప్రాయము. మన్నుతో వేసిన కట్ట ఒక్కరాత్రిలో తెగదు. ఎక్కడనో ఎలుకబొక్క, ఎక్కడనో పొదవేరు, పోయినయేడు పూడ్చని బీట, ఇవి ఎవరును చూడనందున పెద్దగండియగును. అప్పుడు ఊరు ఒక ప్రాణమును అడుగును. ఆ ప్రాణము రాజుదిగాని మంత్రిదిగాని కాక, చిన్నకోడలిదైనది. మిద్దెకును కట్టకును ఒకే నీతి. ఏటేట గంపెడు మన్ను పోయనివారు ఒకనాడు గంపలతో కొలువరాని మూల్యమును ఇచ్చుకొందురు. ప్రతిదినము చేయు చిన్నపనికి ఎవరును కావ్యము వ్రాయరు. కాని పెక్కు కావ్యములయందలి దుఃఖమును ఆ చిన్నపనియే తప్పించును.

మిద్దెలు తగ్గుటకు కారణములు

నేడు ఈ సీమలో క్రొత్తగా మట్టిమిద్దె వేయువారు అరుదు. దీనికి నాగరకతామోహమే కారణమనుట తేలికమాట. మొదటికారణము పొలమునందున్నది. 20వ శతాబ్దమున అనంతపురపు మెట్టచేలలో కొఱ్ఱ, జొన్నలను త్రోసి వేరుసెనగ రాజ్యమేలినది. జొన్న ఇంటికి వచ్చు పంట. వేరుసెనగ బజారునకు పోవు పంట. గింజ దాచుట తగ్గగానే పాతర పూడినది, గరిసె అటకెక్కినది. ఎద్దులస్థానమున ట్రాక్టరు వచ్చినపిమ్మట వాకిటిపల్లమునకు పనిలేకపోయినది. దూలమునకు చెట్టు లేదు. మిద్దె వేయనెఱిగిన పనివారును తగ్గిపోయిరి. ఇంటిలోని ఒక్కొక్క భాగము తన పనిని కోలుపోయి, ఇల్లు వట్టిగోడలుగా మిగిలినది.

రెండవకారణము గృహిణియే. సిమెంటుకప్పు క్రింద పఱుండిన తల్లి ముసురునాడు బిడ్డలను లేపి మూలకు జరుపనక్కఱలేదు. ఏటేట నిచ్చెన యెక్కనక్కఱలేదు. ఈ సుఖమును కోరుట తప్పని మేమనజాలము. పాతమిద్దె చల్లదనమును పొగడువారిలో దానిపై గంప మోసినవారు ఎందఱు? అయినను నాలుగైదంగుళముల సిమెంటుకప్పు పగలెల్ల ఎండను త్రాగి, సాయంకాలమునుండి అర్ధరాత్రివఱకు ఆ వేడిని గదిలోనికి వెళ్లగ్రక్కుననుటయు నిజము. పాతయింట శ్రమ యెక్కువ, తాప మల్పము. క్రొత్తయింట శ్రమ యల్పము, తాప మెక్కువ. రెండింటియందలి మేలును కలుపుకొనుటే వివేకము.

గృహిణులకు కొన్ని సూచనలు

ఇంకను పాతమిద్దెలలో కాపురమున్న సోదరీమణులు ఈ క్రిందివానిని తప్పక గమనింపవలెను. క్రొత్తమన్ను పోయుటకు ముందు బీటలువాఱిన పాతమన్నును చెక్కి తీసివేయవలెను. పాతదానిపై క్రొత్తది ఏటేట పేర్చుకొనిపోయినచో బరువు పెరిగి దూలము ఒకనాడు విఱుగును. దూలమునుండి పిండివలె పొడి రాలుచున్నను, నడుమ వంగినను, గోడలోనికి చొచ్చిన కొన చీకినను ఉపేక్ష కూడదు. ఎఱిగిన పనివానిని పిలిపించి చూపి, అంతవఱకు క్రింద కంబము నిలుపవలెను. గోడ ఉబ్బినను, తలుపు హఠాత్తుగా బిగిసినను అది హెచ్చరిక. ముసురు మూడవనాటికి చేరినప్పుడు అట్టి గదిలో పిల్లలను, వృద్ధులను పఱుండబెట్టరాదు. వర్షకాలమున మట్టిమిద్దె కూలి నిద్రలోనే ప్రాణములు కోల్పోయిన కుటుంబముల వార్తలు ఈ సీమలో క్రొత్తవి కావు. ఒకరాత్రి చుట్టములయింట పఱుండుటలో అభిమానభంగము లేదు.

సిమెంటుయిండ్లు కట్టుకొనువారు పాతయింటినుండి నేర్చుకొనవలసినవి కలవు. పడమటిగోడను మందముగా పెట్టుడు. ఆ వైపున కిటికీలు తగ్గింపుడు. వంటగదికప్పునకు గవాచివంటి తెఱపి విడిచి, వాన రాకుండ మూత యమర్పుడు. పొగయు వేడియు పైకిపోవును. వేసవికి ముందు మిద్దెపై తెల్లసున్నము దట్టముగా పూయుడు. ఎండలో కొంతభాగము వెనుకకు మరలిపోవును. వీధివైపు జగిలి విడువకుడు; ఆడువారు నలుగురు కూర్చుండు తావు ఇంటికి అలంకారమే కాదు, ఊరికి బలము.

పాతమిద్దెను పడగొట్టక తప్పనివారికి ఒక ప్రార్థన. గడ్డపాఱ వేయకముందు ఇంటిలోని అవ్వను కూర్చుండబెట్టుకొని, ఏ గది కేమి పేరో, పాతర ఎచట నుండెనో, చౌడు ఏ చేనినుండి తెచ్చిరో, మిద్దె ఎన్నడెన్నడు ఉరిసినదో అడిగి వ్రాసికొనుడు. ఆయింటి దూలములు మఱల ఎచటనైనను పనికివచ్చును. ఆమె చెప్పుమాటలు ఆమెతో పోయినచో మఱల దొరకవు. ఇంటిపేరు మగవారిదైనను, ఆయింటిని ఇంతకాలము నిలిపిన చేతి గుఱుతులు ఆ మన్నులో ఆడువారివే యున్నవి. వానిని చదువగలిగినవారు మన యిండ్లలో ఇంకను కొందఱు మిగిలియున్నారు.